ఎవరూ చింపలేని ఫ్లెక్సీ

2024 వానాకాలం. తెనాలి బోసు రోడ్డు దగ్గర ఒక సందులో నాకు ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ఉంది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, వర్ధంతులు అన్నీ వేస్తాం గానీ, నిజం చెప్పాలంటే మా పొయ్యి వెలిగేది నాయకుల పుట్టినరోజులతోనే. ప్రతి వార్డుకీ ఒక కౌన్సిలరు, ప్రతి కౌన్సిలరుకీ ఒక పుట్టినరోజు, ప్రతి పుట్టినరోజుకీ అరడజను పోటీ ఫ్లెక్సీలు. దేవుడు నాకోసమే ఈ ఏర్పాటు చేశాడేమో అనుకునేవాణ్ణి.

తెలియనివాళ్ళ కోసం మా పని గురించి రెండు మాటలు. తెచ్చిన ఫోటోలూ మాటలూ కంప్యూటర్లో పేర్చి ముందు ప్రూఫ్ చూపిస్తాం. అంటే అచ్చుకి ముందు చూసుకునే నమూనా. అది ఒప్పుకున్నాక ప్రింటు తీసి, తాళ్ళు కట్టుకోవడానికి అంచుల్లో చిన్న రింగులు కొడతాం. వాటిని ఐలెట్లంటారు. నాయకుడి బొమ్మ పెద్దగా ఉండాలి, అభిమానుల ముఖాలు కింద వరసలో చిన్నచిన్నగా ఉండాలి. ఈ శాస్త్రం ఎవరు రాశారో గానీ, తప్పితే షాపు ముందు గొడవే. ఇంకో శాస్త్రం కూడా ఉంది. నాయకుడి బొమ్మ ఉన్న ఫ్లెక్సీని ఎవరూ ముట్టుకోరు. మూల చిరిగినా సరే, ఎవడు చింపాడని బజార్లో తన్నుకుంటారు.

ఒక కౌన్సిలరు గారి పుట్టినరోజు దగ్గరపడి షాపు కిటకిటలాడుతున్న రోజున కరీముల్లా గారు వచ్చారు. ఆయన టైలరు. చిన్నప్పుడు నేను బడికి వేసుకెళ్ళిన నిక్కర్లు ఆయన కుట్టినవే. నేను పుట్టకముందు నుంచీ ఆ కౌన్సిలరు గారి వార్డులోనే ఒక ఇరుకు సందులో కాపురం.

"కౌన్సిలరు గారికి శుభాకాంక్షలు చెప్పాలి బాబూ. పెద్దదే వెయ్యి."

నాకు నవ్వొచ్చింది. "మీరూ మొదలెట్టారా బాబాయ్?"

"ఏం, నాకు మాత్రం అభిమానం ఉండదా? రాసుకో," అని చెప్పుకుపోయారు. "మా కౌన్సిలరు గారికి జన్మదిన శుభాకాంక్షలు. మా సందు మొదట్లో విరిగిపోయిన స్లాబు దగ్గర మీకోసం కేకు పెడుతున్నాం. తప్పక రావాలని కోరుతూ, మీ సందువాళ్ళు."

మౌసు మీద నా చెయ్యి ఆగిపోయింది.

ఆ స్లాబు సంగతి నాకు తెలుసు. సందు మొదట్లో మురుగు కాలవ మీద ఉండేది. ఇసక ట్రాక్టరు ఎక్కి అది కూలిపోయాక అడ్డంగా ఒక చెక్క వేసుకుని తిరుగుతున్నారు. కరీముల్లా గారి భార్య హమీదా గారికి కిడ్నీలు పాడై డయాలసిస్ చేయిస్తున్నారు. ఆటో లోపలికి రాదు. చెక్క మీద నడవడానికి ఆవిడకి కాళ్ళు ఆనవు. అందుకని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుంటూ ఆ చెక్క దాటించాలి. ఒక వానరోజున మోసేవాళ్ళు దొరక్క ఆసుపత్రి తప్పిపోయింది, ఆవిడ ప్రాణం మీదకి వచ్చింది. మునిసిపల్ ఆఫీసులో అడిగితే ఎస్టిమేటు అంటారు, కౌన్సిలరు గారిని అడిగితే రేపంటారు.

"బాబాయ్, ఇది వేస్తే రేపట్నుంచి నా షాపు గడప ఎవరు తొక్కుతారండీ?"

"ఇందులో తిట్టేమన్నా ఉందా? చూపించు."

"లేదనుకోండి. అయినా ఓటేశారుగా, మళ్ళీ ఎన్నికలొచ్చినప్పుడు చూసుకోవచ్చుగా?"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మీకు దుగ్గిరాల దగ్గర పొలం ఉందిగా. కౌలుకిచ్చారుగా. ఇచ్చేశాం గదా అని మీ నాన్న గట్టెక్కడం మానేశాడా? కౌలు రైతు నీళ్ళు పెట్టాడా, కలుపు తీశాడా అని చూసొస్తాడా లేదా? ఐదేళ్ళకోసారి వెళ్తే అక్కడ పొలం ఉంటుందా, తుమ్మచెట్లుంటాయా? నేనేం తగువుకి పోవట్లేదు బాబూ. గట్టు మీద నించుంటున్నా, అంతే."

కొత్త ఫైలు తెరిచాను. ఆయన ఫోన్లో సందువాళ్ళందరి ఫోటోలూ తెచ్చారు. నేను అలవాటుగా కింద వరసలో చిన్నగా పేర్చి ప్రూఫ్ చూపిస్తే ఒప్పుకోలేదు. కౌన్సిలరు గారి ముఖం ఎంతుందో మావీ అంతే ఉండాలన్నారు. తిట్టుకుంటూనే వేశాను. నా షాపు పేరు మాత్రం తీసేశాను.

షాపు పేరు తీసేస్తే దాగుతుందా, తెనాలి ఎంత ఊరు! పొద్దున్నే సందు మొదట్లో ఫ్లెక్సీ లేచింది. మనసాగక టీ నెపంతో అటు వెళ్ళాను. నాలుగు బైకుల మీద కుర్రాళ్ళు వచ్చి చదివారు. ఒకడు తాడు మీద చెయ్యి వేశాడు. రెండోవాడు ఆ చెయ్యి పట్టుకుని లాగేశాడు.

"అన్న బొమ్మ ఉందిరా! పుట్టినరోజు ముందర దించుతావా?"

కౌన్సిలరు గారు నవ్వుతున్న బొమ్మ, పైన శుభాకాంక్షలు. దించలేరు, ఉంచలేరు. ఆ కోపం నా మీదకి తిరిగింది. "ఏంటన్నా, ఇట్టాంటివి కూడా వేస్తావా?" అన్నాడొకడు. "శుభాకాంక్షలేగా తమ్ముడూ," అన్నాను.

మధ్యాహ్నానికి ఆ ఫ్లెక్సీ ఊళ్ళో అందరి ఫోన్లలోకీ ఎక్కింది. ఇక రాకపోతే బాగుండదనుకున్నారో ఏమో, పుట్టినరోజున కౌన్సిలరు గారు మెడలో దండలతో దిగారు. స్టూలు మీద నిజంగానే కేకు పెట్టారు. ఆయన కత్తి పట్టుకునే సమయానికి హమీదా గారిని తీసుకెళ్ళే ఆటో వచ్చి రోడ్డు మీద ఆగింది. అది ఆవిడ డయాలసిస్ రోజు. కుర్చీ వచ్చింది.

కరీముల్లా గారు గొంతు పెంచలేదు. "కేకు తర్వాత కోద్దాం బాబూ. మోసేవాళ్ళలో ఒకరు తక్కువయ్యారు. ఈ పక్క కాస్త పట్టండి."

చుట్టూ ఫోన్లు లేచి ఉన్నాయి. కౌన్సిలరు గారు కత్తి కింద పెట్టి కుర్చీ కాలు పట్టుకున్నారు. నాలుగడుగులు వేశారో లేదో, చెక్క మీద చెప్పు జారి ఆయన కాలు మోకాలిదాకా మురుగులోకి దిగింది. కుర్చీ ఒరిగింది. పరుగెత్తి నేనూ ఒక చెయ్యి వేశాను. హమీదా గారు పట్టు కోసం ఆయన మెడలో దండే పట్టుకున్నారు.

"జాగ్రత్త నాయనా," అన్నారావిడ. "మాకు అలవాటే, మీకు కొత్త."

ఎవరూ నవ్వలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. కోపమో సిగ్గో నేను చెప్పలేను. ఆటో వెళ్ళిపోయాక కేకు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఆ వారంలోనే మునిసిపాలిటీ మనుషులు కంకరతో, ఇనప చువ్వలతో దిగారు.

స్లాబు ఆరగానే అభిమానులు నా దగ్గరికొచ్చి ధన్యవాదాల ఫ్లెక్సీ కావాలన్నారు. దానికి సందువాళ్ళ ఫోటోలు అడిగితే కరీముల్లా గారు కుదరదన్నారు. "కౌలు కొలిచినందుకు దండలెందుకయ్యా?" అన్నారట. ఆ వారమే హమీదా గారు ఆయన చెయ్యి పట్టుకుని ఆ స్లాబు మీదుగా మెల్లగా నడిచి ఆటో ఎక్కడం చూశాను. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, కళ్ళు చెమ్మగిల్లాయి.

చలికాలం చివర్లో ఆవిడ పోయారు. జనాజా ఆ స్లాబు మీదుగానే వెళ్ళింది.

కొన్ని వారాలకి కరీముల్లా గారు షాపుకొచ్చారు. బాగా చిక్కిపోయారు. కుర్చీ వేశాను.

"సందులో లైట్లు వెలగట్లేదు బాబూ," అన్నారు. "ఈసారి కౌన్సిలరు గారికి ఉగాది శుభాకాంక్షలు చెబుదాం."

"ఇంకా మీకెందుకండీ ఈ తిప్పలు? పిన్ని గారే లేరుగా," నోరు జారాను.

"సందు ఉందిగా బాబూ," అన్నారు.

ఆయన పోరాడింది భార్య కోసమని నేను అనుకున్నాను. కౌన్సిలరు గారూ అదే అనుకుని ఉంటారు. ఇద్దరం పొరబడ్డాం. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు కుదురు లేదు. మా వీధి కుళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. మా వార్డు కౌన్సిలరు ముఖాన్ని ఏటా పెద్దది చేసి వేలాడదీసేది నేనే, ఒక్కసారీ నోరు తెరిచి అడిగింది లేదు. మర్నాడు షాపు తెరవకుండా మా కౌన్సిలరు ఇంటికి వెళ్ళి కుళాయి సంగతి అడిగాను. "నీకెందుకయ్యా, నీ ఆర్డర్లు నీకొస్తున్నాయిగా," అన్నారు. నీళ్ళకి ఇంకా వేళాపాళా లేదు, ఆర్డర్లు తగ్గాయి. వెళ్తూనే ఉన్నాను.