దొరగారి పాటకు మా భజన

నా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో మా మేడగదిలో ఒక ఇంగ్లీషాయన అద్దెకుండేవారు. ఏలూరు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కవిత్వం రాసేవారు, దానికి బాణీ కూడా తానే కట్టేవారు. మేమంతా దొరగారనేవాళ్లం. తెలుగు మా వీధిలోనే నేర్చుకోవడం వల్ల, వరండాలోకొచ్చిన మేకను సైతం "ఏవండీ, కాస్త తప్పుకోండీ" అని బతిమాలేవారు. మేక మాత్రం ఆ మర్యాదకు లొంగేది కాదు.

నన్ను బడికి పంపలేదు. మా తాతయ్యే ఇంట్లో అక్షరాలు దిద్దించారు. అందుకని మేడ మీది హార్మోనియం పగలంతా నా చెవిన పడుతూనే ఉండేది. ఆ వానాకాలమంతా ఒకటే పాట, అదీ మా తెలుగులోనే. చనిపోయిన భార్య మీద రాసుకున్నానని తాతయ్యకొక్కరికే చెప్పారట. ఇంకా ఎవరికీ వినిపించలేదు. సొంత దేశానికి వెళ్లిపోయే ముందు తాతయ్య దగ్గరకొచ్చి, "మీరంతా ఒక్కసారి వింటే చాలండీ, ఇంకేమీ అడగనండీ" అన్నారు.

తాతయ్య మా శనివారం భజనవాళ్లనే పిలిచారు. దొరగారు కళ్లు మూసుకుని మొదటి పాదం పాడారు. అది ముగిసిందో లేదో, మావాళ్లంతా తాళాలు వాయిస్తూ దాన్ని ఆయనకే తిరిగి అప్పజెప్పారు. మా భజనలో అంతే కదా. ఒకరు పాడితే అందరూ అందుకోవాలి. నోరు మూసుకుని కూర్చుంటే పాడేవారిని చిన్నబుచ్చినట్టు.

ఆయన ఉలిక్కిపడి ఆగారు. మావాళ్లూ ఆగారు. దొరగారు మళ్లీ ఎత్తుకున్నారు. వీళ్లు మళ్లీ అందుకున్నారు, ఈసారి డోలక్కు కూడా కలిసింది.

"ఊరికే వినండీ!" అన్నారు దొరగారు, దీనంగా.

"వినకపోతే ఇంత బాగా ఎలా అంటామండీ?" అని నొచ్చుకుంది పక్కింటి అత్తయ్య.

తాతయ్యకు ముచ్చెమటలు పట్టాయి. అతిథి కోరిన ఒక్క కోరికా మన చేతుల్లో పాడైపోయిందే అనుకుని, తాళాలు తీసేసుకోవడానికి లేచారు. దొరగారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. కాసేపు మమ్మల్నందరినీ చూశారు. తర్వాత పాట మొదటినుంచి ఎత్తుకుని, ప్రతి పాదం చివరా మాకోసం చోటు వదిలారు.

ఆఖరి పాదంలో ఆవిడ పేరుంది. పేరు వస్తే మా భజనవాళ్లు ఒక్కసారితో వదలరు. అంటూనే ఉన్నారు, జోరు పెంచుతూనే ఉన్నారు, డోలక్కాయన తల ఊపుతూ ఊగిపోయాడు. దొరగారు పాడడం మానేసి, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ, హార్మోనియంతో మా వెంట పరుగెత్తారు.

అంతా ఆగాక అత్తయ్య, "ఎవరండీ ఈ అమ్మవారు?" అని అడిగింది.

"మా ఆవిడండీ."

"అయ్యో, ముందే చెప్పద్దా అండీ! అయితే ఇంకోసారి అందాం" అంది అత్తయ్య. అన్నాం.

ఇప్పటికీ పొద్దున్నే దేవుడికి దీపం పెట్టి, నామాలు చదువుకున్నాక, నాకు మంచి చేసి వెళ్లిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ పైకి అనుకుంటాను. తాతయ్యది, అత్తయ్యది, దొరగారిది. చివర, నేనెన్నడూ చూడని ఆ తల్లి పేరు. ఆవిడది మాత్రం ఒక్కసారి అని ఆపలేను. చెయ్యి దానంతటదే తాళం వేస్తుంది.