సన్యాసి ఇచ్చిన మందు

మలేషియాలో సుంగై సుమున్ అనే ఊళ్లో సన్యాసి చేయి పడగానే చచ్చిపోయిన కోడిపుంజు లేచి, గోడ దూకి, పక్కింటి పెట్ట వెంట పడింది. సరే, పుంజు పూర్తిగా చావలేదు, మోటారు సైకిలు తగిలి సొమ్మసిల్లింది. గోడ కూడా గోడ కాదు, మోకాలెత్తు తీగ కంచె. కానీ దాని కాలు విరిగిన మాట నిజం. మూడు వారాల్లో అది నడిచిన మాటా నిజం. అన్నాళ్లూ సన్యాసి దాని కాలికి నూనె రాసి, వెదురు బద్ద కట్టి, పూటపూటా విప్పి చూసుకున్న మాట అన్నిటికంటే నిజం.

సన్యాసి అన్నది పేరే, మనిషి సంసారి. ఆయనకు డెబ్బై ఒకటి. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి తోటల్లో పనికి వచ్చారు. ఆయన ముప్పై నాలుగేళ్లు పామాయిల్ గెలలు కోశాడు. తలెత్తి, పొడవాటి గొట్టం చివర కట్టిన కొడవలితో రోజంతా లాగే పని అది. మెడ పట్టని వాడు, నడుం బెణకని వాడు ఆ తోటలో లేడు. అందుకే కూలీల ఇళ్ల వరసలో సన్యాసి తండ్రి మర్దన నేర్చాడు, తండ్రి దగ్గర సన్యాసి నేర్చాడు. పని మానేసి ఊళ్లో చిన్న ఇంటికి వచ్చాక కూడా సాయంత్రం అయ్యేసరికి వరండాలో బల్ల వాల్చేవాడు. చెయ్యి బెణికిన పిల్లలు, మోకాళ్లు పట్టేసిన ముసలమ్మలు, చైనా కొట్ల యజమానులు, మలాయ్ పడవల వాళ్లు, అందరూ వచ్చేవారు.

ఆయన దగ్గర ఉండేవి రెండే. కొబ్బరినూనెలో వావిలాకు, అల్లం వేసి కాచిన నూనె ఒకటి. శొంఠి, మిరియాలు వేసి మరిగించిన కషాయం ఒకటి. రెండింటినీ ఆయన మందు అనే పిలిచేవాడు. తోటలో కలుపు చావడానికి కొట్టేదీ ఆయనకు మందే, పెళ్లిళ్లలో మగవాళ్లు చాటుగా తాగేదీ మందే, మొగుడి మనసు తిప్పడానికి అన్నంలో కలుపుతారని చెప్పుకునేదీ మందే. ఇన్నిటికీ ఆయనకున్న మాట అదొక్కటే. ఆ ఒక్క మాటే ఆయన కొంప ముంచింది.

ఆయన వీధిలోనే పెరిగినవాడు లోగేశ్వరన్. సెపక్ తక్రా ఆడతాడు. వలకు అటు ముగ్గురు, ఇటు ముగ్గురు నిలబడి, అల్లిక బంతిని చేత్తో ముట్టకుండా కాళ్లతో, తలతో కొట్టుకునే ఆట అది. అందులో మొదటి దెబ్బ కొట్టేవాణ్ణి టెకాంగ్ అంటారు. ఒక కాలు నేలలో పాతినట్టు నిలిపి, రెండో కాలు తలకంటే ఎత్తుకు విసరాలి. లోగేశ్వరన్ పోర్ట్ క్లాంగ్ జట్టుకు జీతం మీద ఆడే టెకాంగ్. తొమ్మిదేళ్లప్పుడు కుడి తొడ పట్టేసి ఏడుస్తూ సన్యాసి బల్ల ఎక్కాడు. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చినా పెద్ద ఆట ఉందంటే చాలు, ముందు రోజు కారు వేసుకుని అదే బల్ల మీదికి వచ్చేవాడు.

నిరుడు ఆ తొడ చేతి కింద తడి గోనెసంచిలా మెత్తగా తగిలింది. “ఇంక ఆట ఒగ్గేయ్ రా” అనే మాట సన్యాసి నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. రెండు నెలల తరవాత చూస్తే అదే తొడ పచ్చి కర్రలా బిగిసి ఉంది. సన్యాసి ఏమీ అడగకుండా నూనె రాశాడు. కుర్రాడు వెళ్లాక వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచి, కనపడ్డ ప్రతివాడికీ తన మందు పనితనం చెప్పాడు. ఆ ఏడు పోర్ట్ క్లాంగ్ జట్టు కప్పు గెలిచింది.

కప్పు గెలిచిన ఆరు వారాలకు పేపర్లో పడింది. లోగేశ్వరన్ మూత్రంలో కండ పెంచే నిషేధిత పదార్థం దొరికిందట. విచారణ అయ్యేదాకా ఆడకూడదట.

ఆ ఆదివారం పొద్దున్న గుణవతి టీ కొట్టు కోర్టు అయిపోయింది.

“కోచ్‌దే తప్పు” అన్నాడు అరుముగం. పాతికేళ్లు కంటైనర్ లారీ తోలినవాడు. తమిళం ఇంట్లో మాట, తెలుగు అత్తారింట్లో నేర్చిన మాట, చివర తగిలించే ‘లా’ మలేషియా మాట. “ఎంజిన్ పోయిన లారీని కొండ ఎక్కించు, ఎక్కించు అంటే డ్రైవర్ ఏం చేస్తాడు లా?”

“ఎంజిన్‌లో ఏటో పోసినోడు డ్రైవరే గదా మావా!” అన్నాడు యోగేశ్వరన్. జట్టు అభిమానుల వాట్సాప్ గ్రూపు అతనిదే. గ్రూపులో పెట్టడానికి ఫోను నిలబెట్టి ఈ వాదన అంతా రికార్డు చేస్తున్నాడు. “ఆడి పేరు నా వీపు మీద రాయించుకున్నాను. ఇప్పుడీ సొక్కా ఏటి సేసుకోవాలి? కారు తుడుసుకోవాలా?”

“తుడుసుకో. కారైనా బాగుపడుద్ది” అంది గుణవతి, టీని ఒక మగ్గులోంచి ఇంకో మగ్గులోకి ఎత్తి పోస్తూ. “మూడు ఆటలు ఓడిపోతే ఆణ్ణి ముసలి గుర్రం అని గ్రూపులో రాసినోడివి నువ్వే గదా. గుర్రం బొమ్మ కూడా ఎట్టినావు.”

“అది ప్రేమ, అక్కా.”

“అలాటి ప్రేమ మా ఇంటాయనకి సూపిస్తే ఆయనా సూదులు పొడుసుకుంటాడు.”

అరుముగం టీ పొలమారేలా నవ్వాడు. యోగేశ్వరన్ నవ్వలేదు. “పరాచికాలు సాలు. కోచ్ అంటారు, జట్టు డాక్టర్ అంటారు, మా మీదికి తోసేస్తారు. అసలు ఆడికి మందు ఇచ్చింది ఎవులు? అదొక్కటి తేలాలి.”

సరిగ్గా అప్పుడే సన్యాసి మెట్టు దగ్గర చెప్పులు విడుస్తున్నాడు. పేపరు చదవడు. లోగేశ్వరన్ గురించి ఏదో పడిందని మాత్రం విన్నాడు, పేపర్లో పడితే మంచిదే అయి ఉంటుందనుకున్నాడు. యోగేశ్వరన్ మాటల్లో చివరి ముక్క ఒక్కటే ఆయన చెవిన పడింది.

“ఎవులేట్రా? నానే” అన్నాడు ఛాతీ విరుచుకుని. “తొమ్మిదేళ్ల గుంటడప్పటి నుంచి నానే ఇస్తన్నాను. నా మందు నేకపోతే ఆడి కాలు లేసేదా?”

గుణవతి పోస్తున్న టీ మగ్గు తప్పి బల్ల మీద పడింది.

సాయంత్రానికి ఆ వీడియో యోగేశ్వరన్ గ్రూపు దాటి దేశమంతా తిరిగింది. ఎవరో కింద మలాయ్‌లో అక్షరాలు కూడా వేశారు.

మంగళవారం ఒకావిడ మణికట్టు బెణికిన పిల్లను తీసుకుని గేటుదాకా వచ్చింది. బల్ల మీద కూర్చున్న సన్యాసిని చూసింది, పిల్ల చెయ్యి తన కొంగులో దాచుకుని వెనక్కి తిరిగింది. బుధవారం ఎవరూ రాలేదు. గురువారమూ రాలేదు.

సన్యాసి మనవరాలు దర్షిణి కాలేజీలో చదువుతుంది. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడాలంటే తడుముకుంటుంది. ఆ పిల్ల తాత పక్కన కూర్చుని విడమరచి చెప్పింది. “తాతా, మలాయ్‌లో జొరానికి ఇచ్చేది ఉబాత్. పోలీస్ పట్టుకునేది డాడా. రెండు వేరే. నువ్వు మందు అన్నావు. వాళ్లు కింద డాడా అని రాసినారు.”

“అయితే అది కాదని రాయించు” అన్నాడు సన్యాసి.

రాయించేలోపే లోగేశ్వరన్ వచ్చాడు. కారు వీధి చివర ఆపి నడిచి వచ్చాడు. బల్ల ఎక్కలేదు, కింద గచ్చు మీద కూర్చున్నాడు.

“తాతా, ఆ మాట అలగే ఉండనీ.”

“ఏ మాట?”

“నువ్వే ఇచ్చినావన్న మాట. నాకు తెలీకుండా కషాయంలో ఏదో కలిసిందంటే కొన్ని నెలల నిషేధంతో పోతదంటున్నాడు లాయరు. తెలిసి ఏసుకున్నానంటే నాలుగేళ్లు. అప్పటికి నాకు ముప్పై మూడు. ఎవులు ఆడనిస్తారు?”

“తెలిసే ఏసుకున్నావా?”

లోగేశ్వరన్ తల ఊపాడు. క్లాంగ్‌లో వ్యాయామశాల నడిపే మనిషి ఇచ్చాడట. మూడుసార్లు. సూది తనే గుచ్చుకున్నాడట.

“నొప్పెట్టినాదా?” అని అడిగాడు సన్యాసి.

ఆ ప్రశ్నకు లోగేశ్వరన్ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

సన్యాసికి పచ్చి కర్రలా బిగిసిన ఆ తొడ గుర్తొచ్చింది. యాభై ఏళ్లుగా మనుషుల ఒళ్లు పట్టిన వేళ్లు అవి. ఇరవై తొమ్మిదేళ్ల అరిగిన కండ రెండు నెలల్లో అలా తిరిగి రాదని వాటికి తెలుసు. ఆ రోజే తెలుసు. అడిగితే తన మందు గొప్ప కాదని తేలిపోతుంది. అందుకే అడగకుండా ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. కోచ్‌దా, డాక్టర్‌దా, గుర్రం బొమ్మ పెట్టినవాడిదా అని కొట్లో కొట్టుకుంటున్నారు. ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

“సరే. ఎప్పుడు ఎల్లాలి?” అన్నాడు.

దర్షిణి ఒప్పుకోలేదు. “పిచ్చా తాతా నీకు? అంత అబద్ధం నేను మలాయ్‌లో చెప్పను లా” అంది. చివరికి తాత ఒక్కడే బస్సెక్కుతానని చొక్కా వేసుకుంటే, వెంట వెళ్లింది.

కౌలాలంపూర్‌లో విచారణ జరిగింది చల్లటి చిన్న గదిలో. బల్లకు అవతల ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ పెద్దది, నెమ్మదిగా మాట్లాడే మనిషి. సన్యాసిని పక్‌చిక్ అని, అంటే బాబాయి అని పిలిచింది. ఇవతల లోగేశ్వరన్, అతని లాయరు, సన్యాసి, దర్షిణి.

“మందు నానే ఇచ్చినాను” అన్నాడు సన్యాసి.

దర్షిణి నోరు తెరిచి ఆగింది. మలాయ్‌లో చెప్పాలంటే రెండు మాటల్లో ఒకటి ఎంచుకోవాలి. తాత వైపు తిరిగి మెల్లగా అడిగింది. “ఏ మందు తాతా?”

“నువ్వు సెప్పు. ఆళ్లకి కావలసింది సెప్పు.”

ఆ పిల్ల బల్లకు అవతలి వాళ్ల వైపు తిరిగి, “ఉబాత్” అంది.

పెద్దావిడ అందులో ఏమేం వేస్తావని అడిగింది. సన్యాసి శొంఠి చెప్పాడు, మిరియాలు చెప్పాడు. ఇంకేమైనా ఉందా అని అడిగింది. “ఇంకోటి ఉంది” అన్నాడు. పేరు తెలియదన్నాడు, పొడి అన్నాడు, ఎవరో ఇచ్చారన్నాడు. ముగ్గురూ రాసుకున్నారు. అంతవరకూ గట్టుమీద నడిచినట్టు నడిచాడు.

అప్పుడావిడ కలం పక్కన పెట్టింది. “ఆ పొడి వేసిన కషాయం ఇంకా ఎవరెవరికి ఇచ్చారు పక్‌చిక్? పిల్లలకు కూడా ఇచ్చారా?”

దర్షిణి తెలుగులో చెప్పింది. సన్యాసికి మొదట అర్థం కాలేదు, తరవాత అయింది. ఆ పొడి ఉందంటే వీధిలో ప్రతి ఇంటికీ పోసినట్టే. కొంగులో చెయ్యి దాచుకుని వెళ్లిపోయిన ఆ పిల్లకు కూడా, పోయిన ఏడాది దగ్గు వస్తే తనే గోరువెచ్చగా తాగించాడు. లేదంటే ఇంతదాకా చెప్పిందంతా అబద్ధం. బల్ల మీద పెట్టిన చేతులు ఒళ్లోకి లాక్కున్నాడు. ఒక చేత్తో రెండోదాన్ని పట్టుకున్నాడు.

లోగేశ్వరన్ ఆ చేతుల్నే చూస్తున్నాడు. లాయరు మోచేత్తో పొడిచినా కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

“ఆయన ఇవ్వలేదు” అన్నాడు మలాయ్‌లో. “ఆయన కషాయంలో ఏమీ లేదు. నేనే పొడుచుకున్నాను. మూడుసార్లు.”

నాలుగేళ్లు నిషేధం వేశారు.

లోగేశ్వరన్ కారు తేలేదు, తిరుగు బస్సులో ముగ్గురూ ఒక వరసలో కూర్చున్నారు. సగం దారిలో లోగేశ్వరన్ కాలు సీటు కింద పట్టేసింది. సన్యాసి వంగి పిక్క పట్టాడు.

గదిలో జరిగింది సుంగై సుమున్‌కు ఎలా చేరిందో ఎవరికీ తెలియదు. రెండు వారాలు తిరక్కుండానే చేరింది. ముందు ఆ పిల్ల తల్లి వచ్చింది, తల దించుకుని పిల్లను బల్ల మీద కూర్చోబెట్టింది. తరవాత మిగతా వాళ్లూ వచ్చారు.

ఇంకో ఆదివారం పొద్దున్న లోగేశ్వరన్ నిషేధం పడ్డాక మొదటిసారి గుణవతి కొట్టుకు వచ్చాడు. సన్యాసే పిలుచుకొచ్చాడు. గుణవతి టీ పెట్టింది. లోగేశ్వరన్ గ్లాసు ముట్టుకోలేదు.

యోగేశ్వరన్ లేచి వచ్చి అందరి ముందూ సన్యాసి కాళ్లకు మొక్కాడు. “తాతా, నువ్వు మడిసివి కాదు, దేవుడివి. ఎరగక వీడియో ఎట్టేసినాను, తప్పయిపోనాది” అని మళ్లీ ఫోను తీశాడు. “ఇప్పుడు నీ నోటితోటే సెప్పు, అందరూ ఇనాలి. ఈణ్ణి కాయడానికి ఈ వయసులో కౌలాలంపూర్‌దాకా ఎల్లి, నీ పేరు నువ్వే సెడగొట్టుకోబోయినావు. ఈడేమో ముసలోడని కూడా సూడకుండా నిన్ను అబద్ధమాడమన్నాడు. నిజమా కాదా?”

“అదే నేనూ విన్నాను” అన్నాడు అరుముగం. “పాపం పెద్దాయన. వీడు మాత్రం అలా అడగొచ్చా లా?”

అందరూ లోగేశ్వరన్ వైపు చూశారు. అతని తల ఇంకా కిందికి వాలింది, చెవులు ఎర్రబడ్డాయి.

సన్యాసి ఈసారి ఫోను వైపు చూశాడు. అది వింటున్నదని ఇప్పుడు ఆయనకు తెలుసు.

“ఏ కౌలాలంపూర్?” అన్నాడు.

“అదేటి తాతా? విచారణకి—”

“నానెక్కడికీ ఎల్లనేదు. ఆ రోజు నడుం నొప్పెట్టి ఇంట్లోనే తొంగున్నాను.”

“దర్షిణి కూడా నీతో ఎల్లినాది గదా!”

“దానికి తెలుగే రాదు, అదేటి సెప్పుద్ది? ఈడు నా ఇంటికి రానేదు. నన్ను ఏటీ అడగనేదు. ఎవులు సెప్పినారో గాని మొత్తం అబద్ధం. అలాటిదేటీ జరగనేదు.”