మెడ దాకా గుండీలు

అద్దంకి నుంచి దర్శి వెళ్ళే బస్సులో నా పక్కన మిరపకాయల కోతకు వెళ్ళే ఒకావిడ కూర్చుంది. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంది కానీ గుండీలు పెట్టుకోలేదు. నేను మాటిమాటికీ భుజం మీద బ్రా పట్టీ సర్దుకోవడం చూసింది.

"బిగుతైందా అమ్మా?"

"అవును పిన్నీ," అన్నాను గొంతు తగ్గించి. "ఇది ఛాతీని నొక్కిపెట్టే రకం. వెడల్పు పట్టీలతో బరువు మోసేది కూడా కొట్లో ఉంది. సుఖంగానే ఉంటుంది కానీ, అందులో నిండుగా కనిపిస్తాను. ఆఫీసులో ఆ చూపులు పడలేక ఇదే తీసుకున్నాను."

ఆవిడ తన చొక్కా అంచు పట్టుకుని చూపించింది.

"ఈ చొక్కా ఎండకి ఏసుకుంటామనుకుంటారు అందరూ. మేం వంగి కాయలు కోసేటప్పుడు ఆసామి ఎదురుగా గట్టు మీదే నుంచుంటాడు."

చేను దగ్గర పడగానే, అంత ఉక్కలోనూ మెడ దాకా గుండీలన్నీ పెట్టుకుంది. లేచి, పట్టీ ఒరుసుకుని కందిన నా భుజం మీద చెయ్యి వేసింది.

"చదువుకున్నదానివి గదమ్మా, నీక్కూడానా?" అని దిగిపోయింది.

తర్వాత చాలాసార్లు ఆ కొట్టుకు వెళ్ళాను. అక్కడి అమ్మాయి రెండు రకాలూ బల్ల మీద పరుస్తుంది. నా చెయ్యి ఇప్పటికీ ముందు నొక్కిపెట్టేదాని మీదకే పోతుంది.