అనసూయ మేడం లెక్కపెట్టిన కొమ్మలు

మొన్న మంగళవారం పొద్దున అనసూయ మేడం పరమపదించారని ఫోనొచ్చింది. నమ్మబుద్ధి కాక మళ్లీ చెప్పమన్నాను. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో ఒక చిన్న ల్యాబులో ముప్పై ఏళ్లకు పైగా మలపరీక్షలు చేసిన నిష్ఠాగరిష్ఠురాలు ఆమె. నాకు ఈ విద్య నేర్పిన గురువు.

ముక్కు మూసుకుని ముగించే పనిగా అందరూ తలచినదాన్ని ఆమె శాస్త్రాధ్యయనంలా చేసేవారు. పురుగు గుడ్డు ఆకారం, పెంకు మందం చూసి జాతి తేల్చనిదే విశ్రమించేవారు కాదు. "పురుగులున్నయని రాస్తే రిపోర్టు కాదు బిడ్డా, ఏ పురుగో రాయాలె" అనేవారు.

నేను చేరిన ఏడాది, అబిడ్స్‌లో బట్టల దుకాణం గుమాస్తా ఒకాయన తన మలంలో పడిన తెల్లటి ముక్కను సీసాలో తెచ్చాడు. గుడ్లు చూసి "బద్దెపురుగు" అని రాసేశాను. మేడం ఆ కాగితం పక్కన పెట్టారు. మన దగ్గర మనుషుల పేగుల్లో రిబ్బనులా పెరిగే పెద్ద బద్దెపురుగులు రెండు రకాలు. గుడ్లు ఒకేలా ఉంటాయి. తేడా పురుగు నుంచి తెగిపడిన ముక్కలోనే తెలుస్తుంది. ఆమె సన్నని సూదితో ముక్కలోకి నల్ల సిరా ఎక్కించి, రెండు గాజు పలకల మధ్య అదిమారు. పురుగు గర్భాశయపు కొమ్మలు నల్లగా తేలాయి. ఒక్కో పక్కకు తొమ్మిదే! పశుమాంసంతో వచ్చే రకానికైతే పదిహేను దాటాలి. ఇది పందిమాంసంతో వచ్చేది. దీని గుడ్లు చేతుల మీదుగా ఇంకొకరి కడుపులోకి పోతే మెదడులో తిత్తులు కట్టవచ్చు.

"మీ ఇంట్ల ఎవరికన్న ఫిట్స్ వస్తున్నయా అన్నా?" అని అడిగారు.

ఆయన తెల్లబోయాడు. "మా ఆమెకు, మేడం. ఆరు నెలల సంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించినం."

మేడం వెంటనే ఆయనకు పరీక్ష రాసిన డాక్టరుగారికి ఫోను చేశారు. "ఏ రకమైతే ఏందమ్మా, పురుగు మందుతో పోతది కద!" అన్నారాయన. ఆమె ఫోను పెట్టేశారు. స్లైడు పెట్టెలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, ఆటోలో గన్‌ఫౌండ్రీలోని ఆయన క్లినిక్‌కు వెళ్లారు. గంటన్నర బెంచీ మీద కూర్చున్నారు.

"ఆయన పురుగు పోతది సార్. ఇంట్ల ఆమె సంగతేంది? జర మీరే లెక్కపెట్టున్రి."

ఆయన చూశారు, లెక్కపెట్టారు. గుమాస్తా భార్యకు తలస్కాను రాశారు. మెదడులో తిత్తులున్నాయి. ఏడాది చికిత్సతో ఫిట్స్ ఆగిపోయాయి.

అంత్యక్రియల నాడు ఆ దంపతులు వచ్చారు. మేడం పాదాల దగ్గర నిలబడి గుమాస్తా భార్య నాతో అంది: "నా మొహం సూడకముందే నన్ను బతికించింది అక్కా."

ఆ చూపు నాకు లేదు. ఏ కోర్సులోనూ దొరకదు. అయినా ఆ చూపు కోసమే నా శేషజీవితం. తల్లీ, నీకు నా ప్రణామం.