నీళ్లు కలిపిన సీసా

మొన్న హిందూపురం ల్యాబులో పిల్ల నా చేతికి గీతలున్న డబ్బా ఒకటిచ్చి, "రేపు పొద్దునదాకా వచ్చే మూత్రమంతా దీంట్లోనే పట్టల్ల అవ్వా, చుక్క కూడా బయట పోకూడదు" అనింది. నేను దాన్ని మళ్లీ బల్ల మీదే పెట్టేస్తి. సిగ్గనుకుంది పాపం, "అందరూ చేసేదేలే" అని ధైర్యం చెప్పింది.

సిగ్గు కాదు తల్లీ. ఎనభైలలో, ధర్మవరంలో మా ఆయనకు కిడ్నీలు పాడైనప్పుడు, ఇట్లాంటి పనికే ఒక గాజు సీసా మా మగ్గం పక్కన ఉండేది. బెంగళూరు ఆసుపత్రిలో కడుపుకు బెజ్జం పెట్టి, గొట్టంతో మందునీళ్లు ఎక్కించి, ఒంట్లో విషంతోపాటు మళ్లీ దించేటోళ్లు. రెండు దినాలు కదలకుండా పండుకోవల్ల. మగ్గంలో కూర్చుంటే లేవని మనిషి, పండుకోమంటే మాత్రం చిన్నపిల్లోని మాదిరి అలిగేటోడు. డాక్టరు ఒకటే మాట చెప్పినాడు: "సొంతంగా మూత్రం వచ్చినన్నాళ్లే ఈ వైద్యం బాగా పని చేస్తుందమ్మా. ఒక దినానిదంతా పట్టి తెండి. తగ్గితే వెంటనే మళ్లీ గొట్టం వెయ్యల్ల."

రెండు తూర్లు సీసా నిండుగానే పోయింది. "ఇంకొన్నాళ్లు చూద్దాం" అనె డాక్టరు. మా అత్త వీధంతా చక్కెర పంచె. ఆయన కాళ్లు మాత్రం వాస్తానే ఉండె, అన్నం చూస్తే వాంతి.

మూడో తూరి రైలుకు పోయే పొద్దున చూస్తి. అత్త చెంబుతో సీసాలోకి నీళ్లు వంచుతాండాది! నేసిన చీర తూకం తగ్గితే, షావుకారు దగ్గరికి పోయేముందు నీళ్లు చిలకరించడం మా మగ్గాలోళ్లకు మామూలే. కొడుకు ప్రాణానికీ అదే చేసింది మహాతల్లి.

"ఏమత్తా, మనిషిని చంపుతావా!" అని అరిస్తి.

"ఇంగోతూరి వాని కడుపు పొడవనీయనే నేను" అని ఏడ్చె.

రైల్లో ఆయన కిటికీకి ఆనుకుని రొప్పుతాండె. పెనుకొండ దాటినా అత్త ఆ సీసాను ఒళ్లోనుంచి దించలేదు. ఆసుపత్రిలో డాక్టరు సీసా అందుకుంటాంటే ఆగలేకపోతి. "దాన్ని నమ్మొద్దు సార్, నీళ్లు కలిసినాయి."

"ఎవరు కలిపింది?" అని కేకేసె. అత్త గోడ పక్కన నిలబడి నాకు దండం పెడతాండాది. ఆయనకు అమ్మంటే దేవుడే. "నేనే" అంటి.

గొట్టం వేసినారు, ఆ తూరి బతికినాడు. మంచం మీద పైకప్పు చూస్తా, "నన్ను తొందరగా పంపియ్యాలనుకుంటివా?" అనె. "మీ అమ్మనడుగు" అనబోతి. అయినా కోలుకోనీ, ఇంటికి పోయినాక చెప్తాలే అని ఊరుకుంటి. ఇంటికొచ్చినాక అత్త మొహం చూసి నోరు రాలేదు. ఆరు నెలలకు మూత్రం పూర్తిగా నిలిచిపాయె, ఆ వెనకాలే ఆయనా పాయె. పోయేదాకా నా చేతి మందు తాగలేదు. అత్త ఇస్తేనే తాగె.

రేపు చెప్తా, రేపు చెప్తా అని ఆ ఆర్నెల్లూ గడిపితి. ఆయన పోయినాక నాకు నలభై ఏండ్ల రేపులు దొరికినాయి.