నీళ్ల ట్యాంకుల సందులో అన్నం

మా ఊళ్లో నా గురించి ఒక మాట ఉంది. ‘దుబాయి పోయినా ఆయన పళ్లెం వేరే.’ మా వైపు గల్ఫ్ మొత్తాన్నీ దుబాయి అనే అంటారు. నేనున్నది బహ్రెయిన్‌లో. ఆ మాటను కొందరు మెచ్చుకోలుగా అంటారు, కొందరు ఉమ్మేసినట్టు అంటారు. ఎలా అన్నా అర్థం ఒకటే: ఇతను తక్కువ కులం వాళ్ల పక్కన కూర్చుని తినడు.

నేను పళ్లెం పట్టుకుని బయటికి పోయి తిన్న మాట నిజం. ఏళ్ల తరబడి అలాగే తిన్నాను. ఎందుకు తిన్నానో మాత్రం వాళ్లు చెప్పుకునేది నిజం కాదు. అది రాద్దామని కూర్చున్నాను. రాస్తే ఏదో మారుతుందన్న ఆశ లేదు. మారదని ఈ చలికాలంలోనే తెలిసింది.

ముందు సల్మాబాద్ క్యాంపులో మా గది గురించి చెప్పాలి. రెండంతస్తుల మంచాలు, ఎనిమిది మందిమి. కిటికీకి బిగించిన పాత ఏసీ ఆగినప్పుడల్లా గొలుసు తెగి పడినట్టు చప్పుడు చేసేది. పైన రెండు ట్యూబ్‌లైట్లు. మిగతా వాళ్లకు అవి వెలిగేవి, అంతే. నాకు వినిపించేవి కూడా. ఆ సన్నటి రొద చెవిలో ఆగకుండా దవడ ఎముకలోకి దిగేది. వెలుతురు నిలకడగా ఉండేది కాదు, వణికేది. ‘లైటు వణుకుతోంది’ అని ఒకటి రెండుసార్లు అన్నాను. అందరూ తలెత్తి చూసి, ‘మంచిగనే ఉంది గదా’ అన్నారు.

కంపెనీ బస్సు దింపాక స్నానాలు, వంట. తర్వాత నేల మీద పాత పేపర్లు పరిచి అందరూ గుండ్రంగా కూర్చుని తినడం మా గది పద్ధతి. ఎంత అలసిపోయినా, ఎవరికి ఎవరితో తగాదా ఉన్నా, చివరివాడు వచ్చి కూర్చున్నాకే గిన్నె మూత తీసేవాళ్లు. ఇళ్ల నుంచి వీడియో కాల్స్ కూడా ఆ వేళకే. ఫోన్లు స్పీకర్లో పెట్టి, ఒకరి భార్యను ఇంకొకరు ‘వదినే, మంచిగున్నవా? ఏం కూర?’ అని పలకరిస్తూ తినేవాళ్లు. గరిటె గిన్నెకు తగులుతుంది, స్టీలు పళ్లెం గచ్చు మీద గీసుకుంటుంది, ఒక ఫోన్లో పసిపిల్ల ఏడుస్తుంది, ఇంకో ఫోన్లో ఎవరి అమ్మో తిడుతుంటుంది. వాళ్లకు అది ఇల్లు. పరాయి దేశంలో వాళ్లు రోజూ కట్టుకుని రోజూ విప్పుకునే ఇల్లు.

నాకు చప్పుళ్లు విడివిడిగా రావు. అన్నీ ఒకేసారి, ఒకే బరువుతో మీద పడతాయి. నన్ను పిలిచే గొంతూ, గచ్చు మీద పళ్లెమూ ఒకటే. కాసేపటికి నోట్లో అన్నానికి రుచి పోతుంది. తర్వాత అది అన్నమన్న సంగతే నాలుక మరిచిపోతుంది, తడి సిమెంటు నములుతున్నట్టుంటుంది. మెడ వెనక చెమట పడుతుంది. ఇంకా కూర్చుంటే పళ్లెం గోడకేసి కొడతానేమోనని భయం. మొదట్లో పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాను. ఒకరోజు బాత్రూంలోకి పరుగెత్తి తిన్నదంతా కక్కుకున్నాను. ఆ మర్నాటి నుంచి పళ్లెం పట్టుకుని గది వెనక నీళ్ల ట్యాంకుల సందులోకి పోవడం మొదలుపెట్టాను. అక్కడ చీకటి. ట్యాంకులో నీళ్లు పడే చప్పుడు ఒక్కటే, అదీ ఒకే తీరుగా. అక్కడ అన్నానికి రుచి ఉండేది.

ఆ రుచి ఎక్కువగా ఒక మనిషి చేతిది. మా ఊరివాడే. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. అతను దళితుడు. మేం ఊరి నడుమ ఇళ్లున్న వ్యవసాయ కులం వాళ్లం. గదిలో వంట వంతులవారీగా జరిగేది గానీ, శుక్రవారం మటన్ మాత్రం అతనే వండాలని అందరి తీర్మానం. సైటులో నేను బ్రేకర్ మిషన్‌తో కాంక్రీటు పగలగొట్టేవాణ్ణి, అతను నాకు హెల్పర్. మధ్యాహ్నం ఇద్దరం బేస్‌మెంట్‌లోకి దిగి మెట్ల కింద కూర్చుని ఒకే డబ్బాలో తినేవాళ్లం. పైన ఎండ, ఎండ పడి మెరిసే తెల్లటి గోడలు. రోజంతా నల్లద్దాలు పెట్టుకుని తిరిగే నేను వాటిని తీసేది ఆ మెట్ల కిందే.

“హీరో దిగిండు. అద్దాలు తియ్యన్నా, ఈడ ఫోటో తీసేటోడు ఎవడు లేడు.”

“కండ్లు మండుతయిరా తమ్మీ.”

“బ్రేకర్ పట్టుకుంటె చెవులు మండయి గని, ఎండకు కండ్లు మండుతయా? నువ్వు మనిషివా, మిషన్‌వా?”

అది నాకూ అర్థమయ్యేది కాదు. ఇప్పుడు తెలుసు. బ్రేకర్ చప్పుడు నా చేతిలో మొదలై నా చేతిలో ఆగుతుంది. ఎప్పుడు వస్తుందో నాకు ముందే తెలుసు. ఎదుటివాడి పళ్లెం ఎప్పుడు గచ్చుకు గీసుకుంటుందో నాకు తెలియదు.

అతను నవ్వుతూ డబ్బా నా వైపు జరిపేవాడు. మాంసం ముక్కలు నా వైపుకే తోసేవాడు. నా జీవితంలో ఒక మనిషి పక్కన కూర్చుని ఇష్టంగా అన్నం తిన్న రోజులు అవే. మా అమ్మ దగ్గర కూడా అలా తినలేదు.

ఆ రోజుల్లోనే పక్క గదిలో ఒకతను డ్యూటీకి పోనని మంచం కింద దూరి, ఎవరు పిలిచినా చెవులు మూసుకుని అరిచాడు. మెంటల్ అన్నారు. ఖలాస్. కొద్ది రోజుల్లోనే టికెట్ చేతిలో పెట్టి ఎయిర్‌పోర్టులో దింపి వచ్చారు. అతను చెవులు మూసుకున్న తీరు నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆ తర్వాత లైటు వణుకుతుందని నేను ఎవరితోనూ అనలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ఊరి తమ్ముడు మటన్ వడ్డిస్తున్నాడు. నా పళ్లెం తీసుకుని నేను తలుపు వైపు నడిచాను. మా గదిలో పెద్దాయన ఒకాయన ఉండేవాడు, మా పక్క ఊరు, మా కులమే. చిన్నాన్న వరసలో అందరూ ‘కాక’ అనేవాళ్లు. ఆయన నన్ను చూపించి అన్నాడు:

“సూసిండ్రా? దుబాయికొచ్చినా మా పిల్లగాడు పద్ధతి తప్పలే. ఎవలతోని కూసోవాల్నో, ఎవలతోని కూసోవద్దో ఎరికున్నోడు.”

ఎవరో నవ్వబోయి ఆపేశారు. గరిటె ఆగింది. అతను నా వైపు తిరిగాడు.

“గందుకేనా అన్నా?”

పైన లైట్లు వణుకుతున్నాయి. ఎవరి ఫోన్లోనో ఒకావిడ ‘హలో, హలో’ అంటోంది. వెలుతురు తట్టుకోలేను, పళ్లేల చప్పుడు భరించలేను అని చెబితే పిచ్చివాణ్ణి. ఊరుకుంటే పద్ధతి గలవాణ్ణి. కాక నాకు ఒక గౌరవమైన కారణం తెచ్చి చేతికిచ్చాడు. నేను తీసుకున్నాను.

“ఎవల అలవాటు వాళ్లది” అన్నాను. ట్యాంకుల సందులోకి పోయి కూర్చున్నాను. ఆ పూట మటన్ కూడా తిన్నాను.

నేను సరిదిద్దాల్సింది ఇదే, పూర్తిగా చెప్పాలి. నా పళ్లెం వేరు కావడానికి కులం కారణం కాదు. ఆ మాట అనడానికి మాత్రం కులమే ధైర్యం. నేను దాక్కోవడానికి నాకు అది ఉంది. నేను దాక్కుంటే ఎవరి మీద పడుతుందో నాకు తెలుసు.

మర్నాడు బేస్‌మెంట్‌లో రెండు డబ్బాలున్నాయి. ఒకటి నా ముందు పెట్టి, అతను దూరంగా ఇటుకల మీద కూర్చున్నాడు.

“తినుండ్రి పటేలా.”

మా కులం వాళ్లను ఊళ్లో వాడ జనం అలాగే పిలుస్తారు. బహ్రెయిన్ వచ్చాక అతని నోట ఆ పిలుపు ఒక్కసారీ వినలేదు.

“అదేందిరా తమ్మీ?”

“ఈడ ఎవలు సూడరని ఒక్క డబ్బల తింటిరి. రూంల మీవోళ్లు సూస్తరని బయటికి పోతిరి. గంత కష్టం ఎందుకు పటేలా మీకు?”

నాకే పేరు తెలియని దాన్ని ఏమని చెప్పను? కొంతకాలానికి అతను వేరే పని వెతుక్కుని క్యాంపు వదిలి వెళ్లాడు. కాక ద్వారా నా పళ్లెం సంగతి ఊరికి చేరింది. సెలవుకు వెళ్తే మా వాళ్లు నన్ను కాస్త గర్వంగా చూశారు. వాడలో అతని తల్లి నన్ను చూసి తలుపు వేసుకుంది.

పోయినసారి సెలవులో మా బిడ్డ తన కూతుర్ని కరీంనగర్‌లో డాక్టరుకు చూపించడానికి తీసుకుపోతే మేమూ వెళ్లాం. పసిది మిక్సీ వేస్తే గోడకు తల కొట్టుకుంటుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని డాక్టరు అడిగాడు. నా భార్య నన్ను చూపించి నవ్వింది.

“ఈయనకే ఉంది సార్. కుక్కర్ కూత పెడితె గొడ్ల కొట్టంలకు ఉరుకుతడు. పెండ్లయినప్పటి సంది గిట్లనే.”

డాక్టరు నవ్వలేదు. నన్ను మళ్లీ రమ్మన్నాడు. చాలాసేపు చాలా ప్రశ్నలు అడిగాడు, మా పెద్దక్కను పిలిపించి నా చిన్నతనం గురించి అడిగాడు. చివరికి చెప్పాడు: మీది ఆటిజం, పుట్టుకతోనే ఉంది. వెలుతురు, చప్పుడు అందరికీ అందినట్టు మీకు అందవు. ఇది పిచ్చి కాదు.

పేరు తెలిస్తే బరువు దిగుతుందని అంటారు. నాకు దిగలేదు. తిరిగి వచ్చే విమానంలో చెవులకు టవల్ చుట్టుకుని, ఇంత చిన్న మాట ఆ శుక్రవారం నాకు తెలిసి ఉంటే అని ఆలోచించాను. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. తెలిసి ఉన్నా చెప్పేవాణ్ణి కాదు. టికెట్ చేతిలో పెట్టేవాళ్లు.

ఇప్పుడు సల్మాబాద్‌లోనే ఒక గోదాములో స్టోర్‌కీపర్ని. గోదాము వెనక గదిలో ఒక్కణ్ణే ఉంటాను. కిటికీకి అట్టలు కొట్టాను. పక్క గ్యారేజీలో గ్రైండర్ మొదలైతే మంచం మీద పడుకుని, అది ఆగేదాకా గోడకేసి చూస్తాను. వయసుతో తగ్గుతుందనుకున్నాను, పెరుగుతోంది. ఊరికి పోయినా నెమ్మది లేదు, పెళ్లి ఊరేగింపు డీజేలకు మా ఇంటి తలుపులే అదురుతాయి. నాకు సరిపడే చోటు భూమ్మీద ఆ బేస్‌మెంట్ మెట్ల కింద మాత్రమే ఉండేది. ఆ బిల్డింగులో ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు.

ఈ చలికాలంలో ఒక శుక్రవారం అరాద్ వెళ్లాను. ఆ తమ్ముడు ఇప్పుడు అక్కడ ఒక ఇంట్లో డ్రైవరు, వెనక ఔట్‌హౌస్‌లో ఇంకో తెలుగతనితో ఉంటున్నాడు. వస్తున్నానని ఫోన్ చేస్తే వద్దనలేదు. తలుపు తీసి, “రాండ్రి పటేలా” అన్నాడు. జుట్టు సగం తెల్లబడింది. మటన్ వండి ఉంచాడు.

కొత్త తెల్ల లైటు. టీవీలో పాటలు. గదిలో రెండో అతను ఇంటికి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడుతున్నాడు. అరాద్ ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉంటుంది, ఇళ్ల మీదుగానే విమానాలు దిగుతాయి. అతను నాకు పళ్లెం పెట్టి తను నిలబడ్డాడు. దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ముక్కలుముక్కలుగా వచ్చాయి.

“తమ్మీ, నాకొక బీమారి ఉందట. పుట్టినప్పటి సంది.”

“షుగరా?”

“కాదు. లైటు, సప్పుడు తట్టుకోలేను. రూంలకెళ్లి గందుకే బయటికి పోయేటోణ్ణి. డాక్టర్ చెప్పిండు.”

అతను గరిటె గిన్నెలో పెట్టి నా వైపు తిరిగాడు.

“మరి గా దినం అడిగిన గదా. గా మాటే ఎందుకు చెప్పకపోయినవ్?”

“పిచ్చోడని పంపిస్తరని భయపడ్డ. తప్పయింది.”

“నిన్ను పిచ్చోడంటె ఇంటికి పంపుతుండె. నన్ను అన్నదానికి నేను యాడికి పోవాలె?”

మండిపోతూ అన్నా, ఆ ఒక్కసారి అతను నన్ను పాత పద్ధతిలో నువ్వు అన్నాడు. ఇంకాసేపు తిట్టినా బాగుండేది. అప్పుడే విమానం వచ్చింది. ఇంటి కప్పు మీద ఈడ్చుకుపోయినట్టు వచ్చింది. నా రెండు చేతులూ చెవుల మీదికి పోయాయి. కళ్లు మూసుకున్నాను. పళ్లెం ఒళ్లోంచి జారబోతే అతనే పట్టుకున్నట్టున్నాడు.

కళ్లు తెరిచేసరికి టీవీ ఆగిపోయింది. అతను రెండో అతనికి ఫోన్ పట్టుకుని బయటికి పొమ్మని సైగ చేశాడు. లైటు తీసేశాడు. పళ్లెం నా చేతికిచ్చాడు.

“ఇగ తినుండ్రి.”

“నువ్వు కూసో తమ్మీ. ఇద్దరం తిందాం.”

“నేను తర్వాత తింట. మీరు తినుండ్రి.”

తలుపు దగ్గరకు వేసి బయటికి వెళ్లాడు. నాకు ఏం కావాలో అన్నీ సరిగ్గా చేశాడు. చీకటి, నిశ్శబ్దం. ముద్ద కలిపాను. బయట రెండో అతని గొంతు వినిపించింది.

“ఏందే, లైటు బంద్ చేసినవ్? ఆయనొక్కడే తింటడా ఏంది?”

“పటేలు గట్లనే తింటడు. మొదటి సంది.”

కూర అప్పటిలాగే ఉంది. కారం కాస్త ఎక్కువ, ముక్క మెత్తగా. బాగుందని చెప్పడానికి గదిలో ఎవరూ లేరు.