మా మామయ్య కట్టిన ముడి

నా చిన్నప్పుడు మేము కిషన్‌బాగ్‌లో ఉండేవాళ్ళం. అమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య, మాతోనే ఉండేవాడు. స్కూటర్లు బాగుచేసే షాపులో పని ఆయనకు. ఇంట్లో ఎవరి మాటా వినని మొండిఘటాన్ని నేను. ఆయన మాట మాత్రం జవదాటేదాన్ని కాదు.

మామయ్య డాబా మీద పావురాలు పెంచేవాడు. మా బస్తీలో ఆ సరదా లేని ఇల్లు తక్కువ. వాటిలో ఒక తెల్ల పావురం నాది. పిల్లగా ఉన్నప్పటి నుంచి నా చేతిలోని జొన్నలు తిని పెరిగింది. నేను బడి నుంచి వచ్చేసరికి మెట్ల దాకా ఎగిరొచ్చేది.

ఒక చలికాలం ఆదివారం పొద్దున మామయ్య ఉన్నట్టుండి స్కూటర్ బయటికి తీశాడు. అది బాగుచేయమని ఎవరో ఇచ్చిపోయిన బండి. నడిపి చూడకపోతే ఎట్లా తెలుస్తుందని ఆయన వాదన.

"నడువు బిడ్డా, మొయినాబాద్ దిక్కు మా దోస్తు ఉన్నడు. గండిపేట చూసుకుంట పోదాం. నీ తెల్లదాన్ని గూడ పట్టుకరా, దానికీ జర గాలి తగుల్తది" అన్నాడు.

అమ్మ అన్నం తిని పొమ్మంటున్నా వినకుండా బయల్దేరాం. నా పావురాన్ని బుట్టలో పెట్టి, వెనక సీటుకు ట్యూబు ముక్కతో కట్టాడు. నేను ముందు నిలబడ్డాను. గండిపేట చెరువు కట్ట మీద ఆగి పల్లీలు తిన్నాం. నేను బుట్ట మూత కొంచెం ఎత్తి నా పావురానికి అన్ని నీళ్ళు చూపించాను. నా అంత అదృష్టవంతురాలు పట్నంలో లేదనిపించింది.

మామయ్య దోస్తు ఒకప్పుడు ఆయనతో కలిసి పనిచేసి, తర్వాత ఊరికి పోయి సేద్యం చేసుకుంటున్నాడు. ఆయన కూతురిది నా ఈడే, నా పావురాన్ని చూసి తెగ మురిసిపోయింది. వాళ్ళ బావి మోటారు నీళ్ళ కింద ఇద్దరం తడిసి ముద్దయ్యాం. చేలోకి పోయి పచ్చి కందికాయలు ఒలుచుకు తిన్నాం.

తిరిగొచ్చేసరికి మామయ్య మంచం మీద కూర్చొని నా పావురం రెక్కలకు దారం కడుతున్నాడు. పావురాన్ని కొత్త ఇంటికి ఇచ్చేటప్పుడే అట్లా కడతారు. అక్కడ అలవాటు పడేదాకా ఎగిరి పాత గూటికి రాకుండా. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి ఉరికి పోయి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఎందుకు కడుతున్నవ్ మామా?"

"దోస్తు బిడ్డ ముచ్చటపడ్డది. ఇచ్చేసిన." నా మొహం చూడకుండా చెప్పాడు.

బదులుగా ఆ దోస్తు ఒక ఎర్రటి పుంజును కాళ్ళు కట్టి పక్కన పెట్టాడు. అది జాతి పుంజు, మామయ్య ఎప్పటి నుంచో దాని మీద కన్నేశాడట. నేను నేల మీద పడి దొర్లి దొర్లి ఏడ్చాను. నా కంట్లో నలుసు పడితే ఓర్వలేని మామయ్య ఆ రోజు ఊరుకోమని కూడా అనలేదు.

"మల్ల ఎగిరి మీ ఇంటికే రాదు గద?" అని దోస్తు అనుమానంగా అడిగాడు.

"వస్తదని తెలిస్తే గా పిల్ల గట్ల ఏడుస్తదా?" అన్నాడు మామయ్య.

ఆ అమ్మాయి నా పక్కన కూర్చొని నా గౌను జేబులో కందికాయలు పోసింది. "నేను మంచిగ చూసుకుంట. నువ్వు ఎప్పుడొస్తే అప్పుడు నీ చేతుల్ల పెడత" అంది.

దారంతా వెక్కుతూనే ఉన్నాను. వెనక నా పావురం బుట్టలో పుంజు కూర్చుంది. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ రోడ్డు మీదే తెలిసింది.

ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. ఖాళీ గూడు చూద్దామని డాబా ఎక్కాను. పిట్టగోడ మీద నా తెల్లది కూర్చొని ఉంది. ఒక రెక్కకు దారం వేలాడుతోంది. ఒక్క ఉరుకున పోయి దాన్ని గుండెలకు హత్తుకున్నాను.

వెనకాలే మామయ్య నవ్వుతూ వచ్చాడు. "ముడి గట్లనే కట్టిన. నాలుగుసార్లు రెక్కలు ఇదిలిస్తే ఊడుతది. పుంజు మనదే, కబూతర్ మనదే. ఫికర్ ఎందుకు?"

"నాకన్న చెప్పొచ్చు గద మామా?"

"చెప్తే గంత ఏడుస్తుంటివా? నువ్వు ఏడ్సినవ్ గాబట్టే వాడు నమ్మిండు."

చేతుల్లో పావురం వెచ్చగా ఉంది, సంతోషం మాత్రం నిలవలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టుంది ఆయన సరదా. నా ఏడుపు నిజం. దాన్ని చూపించి ఆయన బేరం చేసుకున్నాడు. అక్కడ ఆ అమ్మాయి ఈపాటికి చెట్లూ కొట్టాలూ వెతుకుతూ ఉంటుంది. దీన్ని తిరిగి ఇచ్చొద్దాం పదమన్నాను. దోస్తుల మధ్య ఇవన్నీ మామూలేనని నవ్వి కిందికి దిగిపోయాడు. ఆ దోస్తు మళ్ళీ మా గడప తొక్కలేదు. ఎందుకు రాలేదని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

మామయ్య చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే భుజాన వేసుకుని దవాఖానాకు పరుగెత్తిన మనిషి. ఆయనంటే నాకు చివరిదాకా ప్రాణమే. కానీ ఆ రోజు తర్వాత ఆయన ముందు నేను ఏడవలేదు. నా పెళ్ళి అప్పగింతల్లో ఆయన వలవల ఏడుస్తుంటే నేను పొడి కళ్ళతో నిలబడ్డాను. ఆయన పోయిన రోజు కూడా అంతే. ఎంత రాతిగుండెరా ఈమెది అని చుట్టాలు గుసగుసలాడుకోవడం విన్నాను. అందరూ వెళ్ళాక గదిలోకి పోయి తలుపు గడియ పెట్టుకుని, తెల్లారేదాకా ఆయన కోసం ఏడ్చాను. ఇప్పటికీ నాకు కన్నీళ్ళొస్తే, ముందు చెయ్యి గడియ మీదికే పోతుంది.